ప్రకృతిని ఊడ్చిన శనివారం

ఇది చదివాక మీరు నన్ను పనిలో పెట్టుకోరు. పెట్టుకున్నా చేతికి చీపురివ్వరు. ఇచ్చినా, ముందు మీ పెరట్లో మొక్కలకి తాళం వేసుకుంటారు. ఎందుకంటే మల్కాపురంలో, ఓడరేవు క్రేన్లు కనబడేంత దూరంలో, ఒకే ఒక్క పొద్దుటి పూట, ఒకే ఒక్క చీపురుతో, పిల్లల నాలుగు నెలల చదువుని తీసుకెళ్లి చెత్తకుప్పలో పోసిన మనిషిని నేను. తుఫాను కూడా అంత పని చేయలేదు. తుఫాను వెళ్లాక కొన్ని ఆకులైనా మిగులుతాయి.

చిన్నతనంలో తెలియక చేశానని సరిపెట్టుకుందామంటే అదీ కుదరదు. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఇది జరిగి గట్టిగా ఐదేళ్లు కాలేదు. అప్పటి నూకాలు కంటే ఇప్పటి నూకాలుకి బుద్ధి ఎక్కువని మా ఆయన తప్ప అందరూ ఒప్పుకుంటారు.

అంతకుముందు ఇరవయ్యేళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్మాను. మోకాళ్లు మొరాయించాక మా పేటలోని చిన్న బడిలో ఆయాగా చేరాను. గదులు ఊడవడం, నీళ్లు పట్టడం, గంట కొట్టడం. అక్షరం ముక్క రాదు. రాదంటే రాదని ఒప్పుకునే రకం కూడా కాదు. ఒకసారి మద్దిలపాలెం వెళ్లాలి. బస్సు బోర్డు చదవలేను, పక్కవాళ్లని అడిగితే నామోషీ. ఎర్రరంగు బోర్డు ఉన్న బస్సు మద్దిలపాలెమే వెళుతుందని నాకు నేనే తీర్మానించుకుని ఎక్కేశాను. రెండు గంటల తర్వాత ఎలమంచిలిలో దిగాను. ఊరు బాగానే ఉంది. నాకే అక్కడ పనేమీ లేదు.

ఆ దెబ్బకి రాత్రిబడిలో చేరాను. మూడు రోజులు వెళ్లాను, మూడు రోజులూ నిద్రపోయాను. నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే నాకు కళ్లు వాటంతట అవే మూతపడతాయి. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మా ఆయన ఎగతాళి. వంగుతుంది. కాకపోతే నడుం నొప్పి పుడుతుంది, అంతే.

అలాంటి సమయంలో మా బడికి సుజాత టీచరు వచ్చింది.

ఈ సుజాత టీచరు ప్రతి శనివారం పిల్లల్ని పుస్తకాలు లేకుండా వెనక గేటులోంచి బయటికి తీసుకుపోయేది. గేటు దాటగానే వేపచెట్టు. ఇంకో నలభై అడుగులేస్తే రెండు బాదం చెట్లు. ఆ తర్వాత గెడ్డ గట్టు, అంటే కొండ మీది నీళ్లు సముద్రానికి పోయే కాలువ గట్టు. అక్కడ ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్లు, బురద, బురద నిండా పీతలు. మొత్తం నడిస్తే పావుగంట. దానికే ఆవిడ 'ప్రకృతి నడక' అని పేరు పెట్టింది. ఇందులో ఏముందని మీరడిగితే, నేనూ మొదట అదే అడిగాను.

"టీచరమ్మా, ఆకులు సూడ్డానికి సదువెందుకండీ? మేకలు కూడా సూత్తాయి కదండీ."

"మేకలు తినేస్తాయి ఆయమ్మా. మనం లెక్కపెడతాం."

లెక్కపెట్టడమంటే మామూలు లెక్క కాదు. బాదం ఆకుని గళ్ల కాగితం మీద పెట్టి ఎన్ని గళ్లు కప్పిందో చూసేవారు, అది లెక్కలు. చీమల బారు ఎటు పోతోందో, ఎందుకు పోతోందో చూసేవారు, అది సైన్సు. గెడ్డ ఏ కొండ మీద పుట్టింది, ఆ కనబడే ఓడ ఏ దేశం నుంచి బొగ్గు తెచ్చింది, అది సోషలు. చివర్లో గెడ్డ పక్కన తడి బురద మీద పుల్లతో ఆ రోజు చూసినవాటి పేర్లు రాసేవారు, అది తెలుగు. ఎవరూ తప్పిపోకుండా వరస చివర నడవడం నా ఉద్యోగం.

ఆ వరసలో నా ముందు నడిచేది పైడితల్లి. అందరూ పైడి అంటారు. ఐదో తరగతి. మనిషి ఎండుచేపంత, గొంతు ఓడ కూతంత.

"ఆయమ్మా, పీతకి కాళ్లెన్ని సెప్పు?" అని మొదటి రోజే నిలదీసింది.

ఇరవయ్యేళ్లు పీతలు అమ్మాను, ముప్పయ్యేళ్లు వండాను. కాళ్లెప్పుడు లెక్కపెట్టాను?

"ఎన్నుంటే ఏటే? పులుసులో పడితే అన్నీ ఒకటే."

"ముందరి కరిసే డెక్కలతో కలిపి పది. మరి పన్నెండు పీతలకి?"

"పన్నెండు పీతలకి మన కుండ సాలదు."

అది నవ్వలేదు. బురద మీద 'పీత' అని రాసి, పుల్ల నా చేతిలో పెట్టి, "నువ్వూ రాయి" అంది. రాశాను. నేను రాసింది పీతలా లేదు, పీత నడిచిపోయిన దారిలా ఉంది. అయినా ఆ వేళ నిద్ర రాలేదు. నిలబడి, గాలికి, బురదలో కాళ్లు పెట్టుకుని చదువుకుంటే నిద్ర రాదని నలభై ఎనిమిదో ఏట తెలుసుకున్నాను. అంతే, పట్టు పట్టాను. వేప, బాదం, చీమ, కొంగ, గాలి, ఓడ. శనివారం శనివారం ఒక్కొక్క మెట్టూ ఎక్కి, నాలుగు నెలల్లో గుణింతాలు పూర్తి చేసి, వత్తుల గుమ్మం దగ్గర నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే ఫిర్యాదు వెళ్లింది. "సదువుకోమని పంపితే పిల్లల్ని మేకల్నాగ తిప్పుతన్నారు" అని ఎవరో తండ్రులు పై ఆఫీసుకి రాసిచ్చారు. వచ్చే శనివారం విద్యాశాఖ ఆఫీసరు గారు స్వయంగా వచ్చి చూస్తారనీ, పనికిరాదనుకుంటే నడక ఆపించేస్తారనీ కబురొచ్చింది. పిల్లలు ముఖాలు వేలాడేశారు. నా సంగతి ఇంకా ఘోరం. పిల్లలకి గదిలోనైనా పాఠం దొరుకుతుంది. నాకు గదిలో దొరికేది నిద్రే. నడక ఆగిపోతే నా చదువు గుణింతాల్లో లంగరేసుకున్న ఓడ. ఇక కదలదు.

శుక్రవారం సాయంత్రం టీచరు నన్ను పిలిచింది.

"ఆయమ్మా, రేపు ఆఫీసరు గారొస్తున్నారు. నువ్వేమీ చెయ్యొద్దు. దారి ఎలా ఉందో అలాగే ఉండాలి. తెలిసిందా?"

"తెలిసిందండి" అన్నాను.

ఏం తెలిసింది? పాపం, పని చెప్పడానికి టీచరమ్మ మొహమాటపడుతోందని తెలిసింది. మీరే చెప్పండి, మా వైపు ఎవరైనా "ఏమీ వద్దండి" అన్నారంటే దానికి అర్థమేమిటి? చుట్టం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "సాలు, సాలు" అంటే ఆ చేతి సందులోంచి ఇంకో గరిటెడు వెయ్యమని కాదూ? ఎవరైనా "ఎందుకండీ శ్రమ" అన్నారంటే శ్రమ పడమనే. పైగా పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే ఊడవడం, సున్నం కొట్టడం, ముగ్గేయడం, ఈ మూడూ లేకుండా ఏ ఆఫీసైనా, ఏ బడైనా నా జన్మలో చూడలేదు.

శనివారం తెల్లారగానే సున్నం బకెట్టు పట్టుకుని గుమ్మం దిగుతుంటే మా ఆయన అడ్డొచ్చాడు. ఆయన పోర్టులో కళాసీ. తాడు బిగుసుకుందో లేదో చూడటం ఆయన పని కాబట్టి, నా బుర్రలో మరలు వదులుగా ఉన్నప్పుడు కూడా ఆయనకే ముందు తెలుస్తుంది.

"ఏటే, ఆ బకెట్టేటి?"

"సెట్లకి సున్నం కొట్టాల."

"టీచరమ్మ ఏటీ సెయ్యొద్దన్నాదని రాత్రి నువ్వే సెప్పినావు కదే?"

"ఆవిడ మొగమాటానికి అన్నాది. నీకు తెల్దు, నువ్వు కూకో."

"వద్దన్న పని సేసీదాన్ని నిన్నే సూసినాను."

"నా సదువు కోసం నాను సేసుకుంటన్నాను. నీ సొమ్మేటి పోయింది?"

"సున్నం నాదే" అన్నాడు. వినిపించుకోలేదు.

ఇప్పుడు ఆ దారిలో ఏమేమున్నాయో మీకు చెప్పాలి. వేపచెట్టు కింద పిల్లలు నాలుగు పుల్లలు పాతి, చుట్టూ దారం కట్టి ఒక గడి చేసుకున్నారు. అందులో మొలిచే పిచ్చిమొక్కల్ని వారం వారం లెక్కపెట్టి రాసుకునేవారు. బాదం చెట్ల కింద ఆకుల కుప్ప ఒకటుండేది, ఎన్నాళ్లకి మట్టిగా మారుతుందో చూడటానికి. మడచెట్ల కొమ్మల మధ్య చక్రమంత సాలెగూడు. గట్టు మీద పీతల బొరియలు, ఒక్కో బొరియ పక్కన గుర్తుకి ఒక్కో గులకరాయి. ఇవన్నీ నాకు తెలియవా? తెలుసు. ప్రతి శనివారం నేనూ చూస్తూనే ఉన్నాను. కానీ ఇంట్లో ఉన్నంతసేపు చిరుగు చీరలో ఉంటాం, చుట్టాలొస్తే మంచి చీర కడతాం కదా. ప్రకృతి ఆరు రోజులు చిరుగు చీరలో ఉన్నా పర్వాలేదు, ఆఫీసరు ముందు అలాగే నిలబెడతామా?

నిలబెట్టలేదు. నడుం బిగించి దిగాను. వేప కింద రాలింది మొత్తం ఊడ్చాను. గడిలో పిచ్చిమొక్కలు వేళ్లతో సహా పీకాను. బాదం ఆకుల కుప్ప తట్టకెత్తి బడి వెనక చెత్తకుప్పలో పోశాను. చీమల బారుని నీళ్లు కొట్టి సాగనంపాను. కర్రకి చీపురు కట్టి సాలెగూడు దులిపాను. గులకరాళ్లన్నీ ఏరి ఒక మూల చక్కగా పేర్చాను. చెట్ల మొదళ్లకి నడుమెత్తున సున్నం కొట్టి, పైన జాజు మట్టితో ఎర్రపట్టీ వేశాను. దారి పొడుగునా కళ్లాపి చల్లి, గెడ్డ గట్టు దాకా ముగ్గు లాగాను. బడి వరండాలోని క్రోటను కుండీలు తెచ్చి చెట్ల మధ్య వరసగా పెట్టాను. కుక్క పని గాడిద చేసిందంటారు. నేను గాలి పని, వాన పని, పురుగుల పని కలిపి ఒక్కదాన్నే చేశాను.

చేసి, చెమట తుడుచుకుని, చూసుకుంటే ఎంత ముచ్చటగా ఉందో! కల్యాణ మండపంలా ఉంది. పెళ్లికొడుకొక్కడే తక్కువ.

ఎనిమిదిన్నరకి టీచరు వెనక గేటు తీసింది. తీసిన చెయ్యి తీసినట్టే ఉండిపోయింది.

"ఆయమ్మా... ఆకులేవి?"

"ఊడ్సీసినానండి."

"గడిలో మొక్కలు?"

"పీకీసినానండి. దారం మాత్రం పాడవనేదు, సుట్టి మేకుకి తగిలించినాను."

"సాలెగూడు?"

"దులిపీసినాను. ఎన్నాళ్లదో ఏటో, ఒకటే పురుగులు."

"పీతలు?" అంది.

"ఆటిని నానేటీ అన్లేదండి. ముగ్గు సూసి భయపడినట్టున్నాయి. ఒక్కటీ బయటికి రాటం నేదు."

టీచరు గేటు పట్టుకుని నిలబడింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆయమ్మా, ఇవాళ పిల్లలు ఆయనకి చూపించాల్సింది అదంతా" అంది మెల్లగా. "నాలుగు నెలలుగా వాళ్లు రాసుకున్న లెక్కలన్నీ వాటి మీదే. అవి లేకపోతే చూపించడానికి ఏముంది? ఆపేస్తారు."

అప్పుడు నా కళ్లు తెరుచుకున్నాయి. సరిగ్గా ఆ క్షణంలోనే ముందు గేటు దగ్గర కారు హారను మోగింది. టీచరు కళ్లు తుడుచుకుని అటు పరిగెత్తింది. ప్రార్థన, పరిచయాలు, టీ. ఎంత సాగదీసినా ఇరవై నిమిషాలు.

ఇంకొకరైతే తలుపు చాటున కూర్చుని ఏడ్చేవారు. నేనా? ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ అనుకున్నాను. ఊడ్చింది నేనే కదా, తిరిగి పరిచేదీ నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి అందరూ సామెత చెబుతారు. నిజంగా వెళ్లి రెండు చేతులా ఆకులు పట్టుకున్నది మాత్రం ఈ ప్రపంచంలో నేనొక్కదాన్నే.

తట్ట తీసుకుని చెత్తకుప్ప మీద పడ్డాను. వేపాకులు మరీ సన్నం, మట్టిలో కలిసిపోయాయి, చేతికి రావడం లేదు. బాదం ఆకులు పెద్దవి, ఎర్రగా చూడముచ్చటగా ఉన్నాయి. ఆఫీసరుకి ముందు కనబడేది వేపచెట్టే కాబట్టి మంచివన్నీ ఏరి దాని కింద వేశాను. వేశానంటే విసిరేశానని కాదు. నాకు పని అడ్డదిడ్డంగా చేయడం రాదు. పెళ్లి బంతిలో విస్తళ్లు పరిచినట్టు వరసగా, ఈనె పైకి వచ్చేలా పరిచాను. పీకిన పిచ్చిమొక్కల్ని మళ్లీ గడిలో గుచ్చాను, వరినాట్లు వేసినట్టు జానెడుకొకటి. ఇక సాలెగూడు. అక్కడ ఆగాను. గూడు అల్లడం నా వల్ల కాదు. కానీ మాది చేపలు పట్టే ఇల్లు, వల అల్లడం వచ్చు. బడి వంటపాకలో కాకులు రాకుండా కట్టిన పాత వల ముక్క కనబడింది. పరిగెత్తి తెచ్చి మడచెట్టు కొమ్మల మధ్య కట్టాను. దూరం నుంచి చూస్తే సాలెగూడే. బాగా దూరం నుంచి, సాయంకాలం పూట, కళ్లజోడు లేకుండా చూస్తే.

ఆఫీసరు గారు వచ్చారు. వయసైన మనిషి, బూట్లు, చేతిలో నల్ల డైరీ. వెనక టీచరు, ఆవిడ వెనక పాతికమంది పిల్లలు. నేను యథాప్రకారం అందరికంటే చివర. ఆయన సున్నం మొదళ్లని చూశారు, ఎర్రపట్టీలని చూశారు, ముగ్గు తొక్కకుండా గెంతారు.

"టీచరు గారూ, ఇది ప్రకృతి నడకా, మంత్రిగారి ప్రారంభోత్సవమా?"

టీచరు నోరు తెరిచేలోపే ఆయన పైడి వైపు తిరిగారు. "ఏమ్మా, ఈ చెట్టు పేరేంటి?"

"ఏప సెట్టు సార్."

"మరి కింద ఈ ఆకులు?"

పైడి వంగి చూసింది. ముఖం చిట్లించింది. "బాదం ఆకులు సార్."

"వేపచెట్టుకి బాదం ఆకులు రాలతాయా?" ఆయన డైరీ తెరిచారు. నేను వెనక నుంచి అందుకున్నాను: "గాలికొచ్చినాయండి! మాకాడ గాలెక్కువండి!"

ఊరుకుంటే పోయేది. పైడి వెంటనే జడ రిబ్బను విప్పి చేత్తో పైకెత్తి పట్టుకుంది. రిబ్బను గెడ్డ వైపుకి రెపరెపలాడింది.

"కాదు సార్. గాలి కొండకాడ్నించి గెడ్డకాడికి ఈస్తంది. బాదం సెట్లు గెడ్డ పక్కనున్నాయి. గాలికెదురుగా ఆకులెలగొత్తాయి? పొద్దున్న పూట రోజూ ఇంతే సార్, మేము పుస్తకంలో రాసుకున్నాం."

ఆయన డైరీ మూసి వేలు మధ్యలో ఉంచుకున్నారు. "ఊఁ. అయితే ఎలా వచ్చాయి?"

"ఎవరో ఎట్టినారు సార్. రాలిన ఆకులు వరసలో ఉండవు. ఒకేపు తిరిగి ఉండవు. ఇగో, దీనికి సున్నం కూడా అంటుకుంది."

పిల్లలందరూ ఒక్కసారి వంగారు. ఇక వాళ్లని పట్టేవాళ్లు లేరు. గణేషని ఒకడు గడి దగ్గర్నించి అరిచాడు: "సార్, పోయిన వారం గడిలో ముప్పయ్యొక్క మొక్కలు, ఆరు రకాలు! ఇయ్యాల పదిహేడే ఉన్నాయి, అన్నీ తలకాయలొంచీసినాయి! ఏళ్లు బైటికున్నాయి సార్!" ఇంకొకత్తె మట్టి మీద చీపురు గీతలు కనిపెట్టింది. మరొకడు చీమలు కొత్త దారి ఎటు వేసుకున్నాయో పట్టుకుని చెత్తకుప్ప దాకా వెళ్లొచ్చాడు. మడచెట్ల దగ్గరికి చేరేసరికి ఆఫీసరు గారు డైరీ చంకలో పెట్టుకుని పిల్లల వెనక నడుస్తున్నారు.

"మరి ఇదేంటర్రా?" అన్నారు నా వల ముక్క చూపించి.

"సాలెగూడంట సార్" అంది పైడి, ఎవరూ చెప్పకుండానే. వల కన్నులో మూడు వేళ్లు దూర్చి చూసింది. కాసేపు పెదాలు కదిలించి లెక్క కట్టింది. "పాత గూడులో సందు సిటికెనేలంత. పురుగు గోలీకాయంత. దీని సందులో మూడేళ్లు దూరినాయి సార్. ఆ లెక్కన ఈ పురుగు కోడిపిల్లంతుండాల."

ఆఫీసరు గారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. ఆయనదీ మా వైపేనని ఆ వెంటనే జారిన మాటతో తెలిసింది. "ఓలమ్మో! మరి ఇదంతా ఎవులు సేసినారో కూడా సెప్పగలవేటే గుంటా?"

పైడి నేల చూసింది. కళ్లాపి చల్లిన తడి మట్టిలో అడుగులు అచ్చు పోసినట్టున్నాయి. జాన పెట్టి కొలిచింది. "జానా మూడేళ్లు సార్. మా తరగతిలో అందరి పాదాలూ కొలుసుకున్నాం, అంత ఎవులిదీ నేదు. టీచరు సెప్పులేసుకుంటారు. మీకు బూట్లు. ఇది వట్టికాలు. బొటనేలు పక్కకి తిరిగుంది..."

అక్కడ ఆగిపోయింది. తలెత్తి వరస చివర నిలబడ్డ నా వైపు చూసింది. పాతికమంది పిల్లలూ చూశారు. నా కాళ్లు చూశారు. నేను చీర కుచ్చిళ్లు కిందికి లాక్కున్నాను. ఇన్నేళ్లు మోసిన తట్టల బరువుకి పక్కకి తిరిగిన బొటనవేళ్లు కుచ్చిళ్ల కింద దాగుతాయా?

"సెప్పమంటావా ఆయమ్మా?" అంది పైడి బిక్కముఖంతో.

నాకు అక్షరాలు నేర్పిన పిల్ల. నా కోసం అబద్ధమాడితే మరి ఇంతకాలం నేర్పిందేమిటి? "సెప్పీయే" అన్నాను. "లెక్క సరిపోయింది కదా. సెప్పీ."

"ఆయమ్మ సార్."

ఆఫీసరు గారు నా దగ్గరికి వచ్చారు. "ఎందుకు చేశావమ్మా?"

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. "మీరొస్తన్నారని సున్నం కొట్టినాను బాబూ. తప్పని తెలిసినాక ఆకులెట్టినాను. మీరు నడక ఆపేత్తారని భయమేసినాది. ఈ పిల్లల ఎనకాల తిరిగి నాను గుణింతాల దాకా నేర్సుకున్నాను. ఇంకా వత్తులున్నాయి. ఆపితే నాను అక్కడే ఉండిపోతాను. తిడితే నన్ను తిట్టండి, టీచరమ్మ నన్నేటీ సెయ్యొద్దనే సెప్పినాది."

ఆయన డైరీ మళ్లీ తెరిచారు. డైరీలో ఏదో రాసుకున్నారు. ఇంకేదో రాసుకున్నారు. ముగ్గు తొక్కకుండా మళ్లీ గెంతుకుంటూ కారెక్కి వెళ్లిపోయారు.

ఆ తర్వాత పది రోజులు నేను మనిషిని కాను. గంట కొట్టబోయి చెయ్యి గాల్లో ఆపేసేదాన్ని. మా ఆయన రోజూ అన్నం ముందు కూర్చుని "సున్నం బాకీ ఎప్పుడు తీరుత్తావే?" అని అడిగేవాడు. సుజాత టీచరు మొదటి రెండు రోజులూ మాట్లాడలేదు. మూడో రోజు నేనే వెళ్లి నిలబడ్డాను.

"టీచరమ్మా, నన్ను మానిపించీసి, ఆయమ్మని తీసేసినాం, ఇంక నడకకి అడ్డం నేదని రాసీయండి."

"నిన్ను మానిపిస్తే వత్తులెవరు నేర్చుకుంటారు?" అంది. "పలక తెచ్చుకో." గదిలో, నాలుగు గోడల మధ్య. పళ్లు బిగించి, తొడ గిల్లుకుంటూ, నిద్రపోకుండా కూర్చున్నాను. నడక ఉన్నా లేకపోయినా ఈ చదువుని మధ్యలో వదిలేది లేదని ఆ వేళే నిశ్చయించుకున్నాను.

పదకొండో రోజు ప్రార్థన వేళకి కాగితం వచ్చింది. గేటు దగ్గర తల్లులు, తండ్రులు, ఫిర్యాదు రాసిన వాళ్లు కూడా నిలబడ్డారు. టీచరు కవరు చింపి లోపలే చదువుకుంది. ముందు ముఖం వెలిగింది. తర్వాత పెదవి కొరుక్కుంది.

"నానే సదువుతాను టీచరమ్మా" అన్నాను.

"వద్దు ఆయమ్మా, నేను చదువుతాలే."

ఊరుకుంటానా! నా బతుకు తేల్చే కాగితం అది. తీసుకుని, అరుగెక్కి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, వత్తు వచ్చిన ప్రతిచోటా గెడ్డ బురదలో కాలు దిగబడ్డట్టు దిగబడి, లాక్కుని బయటపడుతూ:

"ప్రతి... శని... వారం... జరుగు... ప్రకృతి... నడకను... కొన... సాగించ... వలెను."

పిల్లలు గంతులేశారు. పైడి కూతకి గెడ్డ మీద కొంగలు లేచాయి. నేను చెయ్యెత్తి గద్దించాను. "ఆగండర్రా! ఇంకా ఉన్నాది! సర్కారు కాయితం సగం సదివి వొగ్గీకూడదు!"

టీచరు కాగితం అందుకోబోయింది. వెనక్కి లాక్కున్నాను. ఇంకాస్త గట్టిగా, గేటు దగ్గర వాళ్లకి కూడా వినబడేలా చదివాను:

"అయితే... నడకకు... ముందు... పాఠశాల... ఆ... య... మ్మ... ను..."

నా గురించే! సర్కారు కాగితంలో నన్ను రాశారు! ఒళ్లు పులకరించింది. ఛాతీ విరుచుకుని ఇంకా పెద్దగా అందుకున్నాను.

"చీపు... రుతో... గాని... తట్టతో... గాని... సున్నపు... బకెట్టుతో... గాని... వెనుక... గేటు... దాట... నివ్వ... రాదు."

చివరి మాట నోట్లోంచి వచ్చేదాకా నాకు అర్థం కాలేదు. వినేవాళ్లకి మాత్రం చీపురు దగ్గరే అర్థమైపోయింది. పిల్లలు నేల మీద దొర్లారు. గేటు దగ్గర ఫిర్యాదు తండ్రులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. సుజాత టీచరు కొంగు నోట్లో కుక్కుకుంది. నా మీద వచ్చిన ఆర్డరుని నేనే అరుగెక్కి, ఊరందరికీ వినబడేలా చాటింపు వేశాను.

సిగ్గుపడి దిగిపోయానని మీరనుకుంటున్నారు. దిగలేదు. నవ్వులన్నీ ఆగేదాకా నిలబడి, అదే కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మళ్లీ చదివాను. ఎందుకంటే రెండోసారి ఒక్కచోట కూడా ఆగలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఆఫీసరు కాదు కదా, సాక్షాత్తూ ఇంద్రుడే ఏనుగు మీద వచ్చి మా వెనక గేటు దగ్గర దిగినా, రాలిన ఆకుని రాలిన చోటు నుంచి కదపను. వేపచెట్టుకి ఎర్రపట్టీ వేయను. పీతల వాకిట్లో ముగ్గేయను. సాలెపురుగు చేసే పనిని ఈ జన్మకి సాలెపురుగుకే వదిలేస్తాను. మా ఇంటి ముందు మాత్రం ఊడుస్తూనే ఉంటాను. దాని మీద ఇంకా ఆర్డరు రాలేదు.